మాఫీ అడగడానికి గొంతు లేని రోజులు

నా గొంతులో ఏదో తేడా ఉందని మొదట తెలిసింది ఒక సోమవారం ఉదయం, డెమో క్లాసు మధ్యలో. అమీర్‌పేటలో చదువుకున్నవాళ్లకు డెమో అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుందామని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎక్కడా చేరకముందు, నాలుగైదు ఇన్‌స్టిట్యూట్లలో తలా ఒక క్లాసు ఊరికే కూర్చుని వింటారు. ఎవరు బాగా చెబితే వాళ్ల దగ్గర చేరతారు. అంటే ఆ గంటసేపు పరీక్ష పిల్లలకు కాదు, మాకు. ఆ రోజు హాలు నిండి మెట్ల మీద కూడా నిలబడ్డారు. జావా గురించి మొదలుపెట్టి పది నిమిషాలు కాలేదు, నా నోట్లోంచి చిరిగిన స్పీకరు శబ్దం వచ్చింది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టినా అదే వరస. ముందు బెంచీలో కూర్చున్న ఒకమ్మాయి మిరియాలు బుగ్గన పెట్టుకోమని సలహా ఇచ్చింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను.

నా పేరు మస్తాన్. మాది నరసరావుపేట పక్కన పల్లె. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, బతుకుతెరువుకు ఇంగ్లీషు. బల్కంపేట వైపు రెండు గదుల ఇంట్లో నేనూ నా భార్య జరీనా అద్దెకు ఉండేవాళ్లం. రోజుకు నాలుగు బ్యాచ్‌లు, ఒక్కోటి గంటన్నర. గొంతే నా ఉద్యోగం. అది పోతే నా చేతిలో వేరే విద్య ఏదీ లేదు.

నా జబ్బు గురించి చెప్పే ముందు, దానికి ఏడాది ముందు నేను అన్న ఒక మాట గురించి చెప్పాలి. అది చెప్పకుండా జబ్బు సంగతి ఒక్కటే రాస్తే సగం దాచినట్టవుతుంది.

మా వీధిలోనే యాదగిరి అని ఇంకో జావా సార్ ఉండేవారు. సిద్దిపేట వైపు మనిషి, నెమ్మదస్తుడు. నిజం ఒప్పుకోవాలంటే నాకంటే బాగా చెబుతారు. ఆయన హాలు నా హాలు కంటే ముందే నిండేది, అది నాకు గిట్టేది కాదు. ఒకరోజు నేను ఎర్రగడ్డ రైతు బజారుకు బస్సులో వెళ్తుంటే, మానసిక వైద్యశాల గేటులోంచి ఆయన చేతిలో ఫైలుతో బయటికి రావడం కనిపించింది. ఆ మర్నాడే నా డెమోలో ఒకతను లేచి, మీకూ యాదగిరి సార్‌కూ తేడా ఏంటి సార్ అని అడిగాడు. నేను క్షణం కూడా ఆలోచించలేదు. "ఆయన బాగానే చెబుతారు. కాకపోతే మధ్యమధ్యలో ఎర్రగడ్డ వెళ్లి బాగుచేయించుకుని వస్తుంటారు" అన్నాను. హైదరాబాదులో ఆ పేరు చెబితే పిచ్చాసుపత్రి అనే అర్థం, ఇంకేమీ వివరించక్కర్లేదు. హాలంతా పగలబడి నవ్వింది. వారం తిరిగేసరికి ఆయనకు కరెంటు షాకులు ఇస్తారట, క్లాసులో ఉన్నట్టుండి అరుస్తారట అని హాస్టళ్లలో కథలు పుట్టాయి. ఆయన బ్యాచ్ సగానికి పడిపోయింది. వాళ్లలో చాలామంది నా దగ్గరికే వచ్చారు. రెండు నెలలకు ఆయన మెయిన్‌రోడ్డు హాలు వదిలి వెనక సందులో రెండో అంతస్తు గదిలోకి మారిపోయారు. నేను సరదాకు అన్నాను, జనం పెంచారు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మళ్లీ గొంతు దగ్గరికి వస్తాను. శొంఠి, తేనె, ఉప్పునీళ్లు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్, అన్నీ అయ్యాయి. వారంలో బాగుంటుంది, మళ్లీ పడిపోతుంది. రెండు నెలలు అలా ఈడ్చాను. మింగుతుంటే నొప్పి మొదలైంది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. నా చొక్కా కాలర్లు వదులయ్యాయని ముందు గమనించింది జరీనా. ఇస్త్రీ చేస్తూ చొక్కా నా మెడ దగ్గర పెట్టి చూసి, రేపు డాక్టరు దగ్గరికి వెళ్లకపోతే తాను నరసరావుపేట బస్సెక్కుతానంది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. మర్నాడే వెళ్లాం.

పంజాగుట్టలో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ, మా జిల్లా వైపు మాట. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, లోపల బొమ్మ టీవీలో చూపించారు. రెండు తెల్లటి పట్టీల్లా ఉండాల్సిన వోకల్ కార్డ్స్‌లో ఒకటి ఎర్రగా, గరుకుగా, అంచు తినేసినట్టు ఉంది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

రెండున్నర నెలలు అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు.

"మూడు వారాలు దాటిన బొంగురు ఏదైనా సరే, లోపల చూడాల్సిందేనండీ. బయాప్సీ చేయాలి."

క్యాన్సరా అని అడిగాను. అది రిపోర్టు చెప్పాల్సిన మాట, ముందే మనం అనుకోవడం దేనికన్నారు. ఇంటికి వచ్చేటప్పుడు ఫ్లైఓవర్ పనుల దగ్గర బస్సు ముప్పావుగంట ఆగిపోయింది. జరీనా నా చెయ్యి పట్టుకునే ఉంది.

మత్తు ఇచ్చి మైక్రోలారింగోస్కోపీ చేసి ముక్క తీశారు. తర్వాత డాక్టరమ్మ గట్టిగా చెప్పారు, తాను మళ్లీ చూసి చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు, గుసగుసలో కార్డ్స్ ఇంకా బిగుసుకుంటాయి అని. జేబులో చిన్న పుస్తకం, పెన్ను పెట్టుకున్నాను. రిపోర్టుకు వారం పడుతుందన్నారు.

ఆ వారం నాకు ఒక్క ఆలోచనే. నాలుకతో పాపం చేశాను, అల్లా నా గొంతు తీసుకున్నాడు. ఒకరి వెనక చెడుగా మాట్లాడటాన్ని మా దాంట్లో గీబత్ అంటారు. చచ్చిన సోదరుడి మాంసం తినడంతో దాన్ని పోల్చింది ఖురాన్. చిన్నప్పుడు మదరసాలో అది విని ముఖం చిట్లించుకున్నవాణ్ణి, పెద్దయ్యాక నూట యాభైమంది ముందు తిని, నవ్వులు కూడా వడ్డించాను. నమాజ్ తర్వాత తస్బీ మాల పట్టుకుని రోజుకు వెయ్యిసార్లు అస్తగ్‌ఫిరుల్లా, అల్లా నన్ను క్షమించు అని పెదాలు కదిపేవాణ్ణి. తౌబా చేస్తున్నాను, చేసినదానికి పశ్చాత్తాపపడుతున్నాను, ఇక ఎవరినీ ఏమీ అనను, గొంతు ఇచ్చెయ్ అని. నా తౌబాలో భయం ఎక్కువ, సిగ్గు తక్కువ. ఆ సంగతి అప్పుడు నాకు తెలియలేదు.

రిపోర్టు వచ్చింది. గ్రాన్యులోమా, అంటే టీబీ. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగాన నీడ ఉంది, అక్కణ్నుంచి గొంతుకు ఎక్కిందన్నారు డాక్టరమ్మ. టీబీ మాటకు జనం ఎలా ముఖం తిప్పుకుంటారో నాకు తెలుసు. కానీ జరీనా కుర్చీలోంచి లేచి గట్టిగా అల్‌హమ్‌దులిల్లా అంది. టీబీ అని చెబితే దేవుడికి దణ్ణం పెట్టినవాళ్లను ఇప్పుడే చూస్తున్నానని డాక్టరమ్మ నవ్వారు. క్యాన్సర్ కాదు, మందులు వేసుకుంటే తగ్గిపోతుంది, గొంతు ఎంతవరకు వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నారు. జరీనాకు ఎక్స్‌రే తీయించమన్నారు, అది క్లియర్. నా బ్యాచ్‌లలో దగ్గు ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోవాలని మా ఇన్‌స్టిట్యూట్ ఓనరు చెప్పించారు. అల్లా దయ, ఎవరికీ అంటలేదు. సార్‌కు గొంతు ఆపరేషన్ అయింది, ఇన్‌ఫెక్షన్ ఉందన్నంత వరకే వీధిలో తెలిసింది.

టీబీకి నిపుణులు, మందులు అన్నీ ఎర్రగడ్డలోనే ఉన్నాయి, అక్కడి ఛాతీ ఆసుపత్రికి వెళ్లమని కాగితం రాసిచ్చారు. ఎర్రగడ్డలో మానసిక వైద్యశాలా, ఛాతీ ఆసుపత్రీ ఒకదానికొకటి దగ్గర. రెండింటికీ దిగే స్టాపు ఒకటే. ఆ స్టాపులో బస్సు దిగుతున్నప్పుడు ఎవరైనా చూస్తారేమోనని మాస్కు కళ్లదాకా లాక్కున్నాను. స్ప్యూటమ్ పరీక్షకు కఫం ఇచ్చి, మాత్రల కవరు పట్టుకుని మళ్లీ స్టాపుకు వచ్చేసరికి ఎదురుగా యాదగిరి, చేతిలో అదే ఫైలు. మాస్కు ఉన్నా నన్ను గుర్తుపట్టారు.

"ఏంది సార్, మీరిక్కడ?"

గొంతు చూపించి, మాట్లాడకూడదని చెయ్యి ఊపాను. ఆయన చూపు నా చేతిలో కవరు మీద పడింది. దాని మీద ఆసుపత్రి ముద్ర ఉంది. ఆయనకు అంతా అర్థమైంది.

"ఫికర్ చేయకుండ్రి సార్. గోలీలు మాత్రం నడుమ ఇడ్వకుండ్రి" అని బస్సెక్కి వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చేదాకా నాకు ఒకటే లెక్క. ఈ సంగతి అమీర్‌పేటకు రేపు చేరుతుందా, ఎల్లుండా? ఆయన స్థానంలో నేనుంటే సాయంత్రం బ్యాచ్‌కే చెప్పేసేవాణ్ణి.

మాత్రలు మొదలయ్యాయి. పొద్దున్నే పరగడుపున ఏడు మాత్రలు. మూత్రం నారింజరంగులో వస్తే భయపడొద్దని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. వికారం మాత్రం చెప్పినదానికంటే ఎక్కువే. మూడో వారానికి జ్వరం తగ్గింది, అన్నం రుచించింది.

అంతలో షబే బరాత్ వచ్చింది. ఆ రాత్రి పాపాలకు క్షమాపణ వేడుకుంటాం. దానికి ముందు ఒకరినొకరు మాఫ్ చేయమని అడగడం మాకు ఆనవాయితీ. పూర్వం ఇంటింటికీ వెళ్లి అడిగేవాళ్లు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ పని ఎస్సెమ్మెస్ చేసిపెడుతోంది. ముందురోజు మధ్యాహ్నం మంచం మీద కూర్చుని, తెలిసీ తెలియక మీ మనసు నొప్పించి ఉంటే అల్లా కోసం మాఫ్ చేయండి అని కొట్టి, ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ పంపాను. మేనమామ, గ్యాస్ సిలిండర్ అతను, ఇంటి ఓనరు, యాదగిరి, అందరికీ. గంటలో యాదగిరి జవాబు వచ్చింది. "మీకు కూడా సర్." అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అడిగాను, ఆయన సరేనన్నారు, ఇక ఆ పని అయిపోయిందనుకున్నాను. తేలిగ్గా నిద్రపోయాను కూడా.

పది రోజులకు జరీనా నా కళ్లు చూసి ఉలిక్కిపడింది. పచ్చగా ఉన్నాయి. టీబీ మాత్రల వల్ల కొందరికి ఇలా లివర్ దెబ్బతింటుంది, హెపటైటిస్ అన్నాడు ఛాతీ డాక్టరు. మాత్రలన్నీ ఆపేశారు. పరీక్షలు మామూలుకు వచ్చాక ఒక్కొక్కటే మళ్లీ ఇస్తామన్నారు. మందు లేకపోతే టీబీ పెరుగుతుందేమో, మందు వేస్తే లివర్ పోతుందేమో అని మంచం మీద పడి కుమిలిపోయాను. నా తౌబా అల్లా ఒప్పుకోలేదు, అందుకే వచ్చిన మందు కూడా వెనక్కి తీసుకున్నాడు అనుకున్నాను. నమాజ్‌కు లేవడం మానేశాను. ఇన్ని నెలల్లో నేను నిజంగా కుంగిపోయింది ఆ వారమే.

జరీనా చెప్పినట్టుంది, మా సందు చివరి మసీదు ఇమాం గారు ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చారు. మేం హజ్రత్ అని పిలుస్తాం. మెదక్ జిల్లా మనిషి. నా గుంటూరు ఉర్దూ వింటే చెవులు నొస్తాయని నాతో తెలుగులోనే మాట్లాడతారు. దేనికి తౌబా చేశావో చెప్పమన్నారు. పుస్తకంలో నాలుగు పేజీలు రాసిచ్చాను. ఎర్రగడ్డ మాటతో సహా మొత్తం రాయడం అదే మొదటిసారి. కళ్లజోడు సర్దుకుని నెమ్మదిగా చదివారు.

"ఆ మనిషి మాఫ్ చేసిండా?"

నేను ఫోను తీసి ఆ ఎస్సెమ్మెస్ చూపించాను. హజ్రత్ చదివి, కళ్లజోడు తీసి, భుజాలు ఎగిరేలా నవ్వారు. నాకు కోపం వచ్చింది. గొంతు లేదు కాబట్టి బతికిపోయారు.

"అరె బేటా, దేనికి మాఫీ అడిగినవో అతనికి తెల్వది. దేనికి మాఫ్ చేసిండో సుత తెల్వది. పండుగ ముబారక్ అన్నట్టు అన్నడు, అంతే."

తర్వాత ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తాను. మనిషికీ అల్లాకూ మధ్య పాపమైతే మూడు పనులు చాలు. దాన్ని మానెయ్యాలి, మనసారా సిగ్గుపడాలి, మళ్లీ చేయనని గట్టిగా అనుకోవాలి. ఇంకో మనిషికి అన్యాయం జరిగిన చోట నాలుగోది కూడా ఉంది. ఆ మనిషి దగ్గరికి వెళ్లి సరిదిద్దుకోవాలి, మాఫీ అడగాలి. అవతలివాడు ముసల్మానా కాదా అన్న ప్రశ్నే లేదు. నేను పుస్తకం లాక్కుని ఒక తప్పించుకునే దారి రాశాను. అడిగితే ఆయన మనసు ఇంకా నొచ్చుకుంటుంది కదా, అలాంటప్పుడు ఊరికే ఆయన మేలు కోరి దుఆ చేస్తే సరిపోతుందని కొందరు పెద్దలు అన్నారట కదా అని.

"అన్నరు. కాని అది అవతలోనికి తెల్వనప్పుడు. ఈయనకు తెలుసు, బజారంత తెలుసు. నువ్వు పోవాలె" అన్నారు. జబ్బు శిక్షే కదా అని రాశాను. హజ్రత్ తల అడ్డంగా ఊపారు. "శిక్ష అని నీకు ఎవరు చెప్పిండ్రు? బీమారీతోని సుత గునాలు, మన పాపాలు, రాల్తయని మన పెద్దలు చెప్పిండ్రు, చెట్టుకు ఆకులు రాలినట్టు. కామెర్లు గోలీలతోని వచ్చినయని డాక్టర్ చెప్పిండు గదా, ఆయన మాట విను. అల్లా నన్ను మాఫ్ చెయ్యడు అనుకునుడు, గది ఇంకో గునా. లే, అసర్ నమాజ్‌కు టైమ్ అయితుంది."

లేచాను. మసీదు దాకా వంద అడుగులు ఉంటుంది. దారిలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాను.

మూడు వారాలకు లివర్ మామూలైంది. మాత్రలు ఒక్కొక్కటే మళ్లీ మొదలయ్యాయి, ఈసారి ఒళ్లు ఒప్పుకుంది. స్ప్యూటమ్ నెగెటివ్ వచ్చింది. అదే సమయంలో నా పాత బ్యాచ్ పిల్లలు ఇద్దరు దానిమ్మపళ్లు పట్టుకుని చూడటానికి వచ్చారు. మాటల్లో తెలిసింది ఒకటి. నేను ఎప్పుడొస్తానో తెలియక వాళ్లంతా యాదగిరి సార్ దగ్గర చేరతామని వెళ్లారట. ఆయన, మీ సార్‌కు గొంతు ఆపరేషన్ అయింది, వస్తడు, జర ఆగుండ్రి అని తిప్పి పంపారట. టీబీ మాట ఆ పిల్లల నోట రాలేదు. ఎర్రగడ్డలో నన్ను చూసి రెండు నెలలు దాటింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. పిల్లలు వెళ్లాక నేను ఏడ్చాను. అంతవరకూ నాలో ఉన్నది భయమే. సిగ్గు ఆ రోజు వచ్చింది.

మర్నాడు ఉదయం ఏడు గంటల బ్యాచ్‌కు ముందే వెనక సందులోకి వెళ్లాను. యాదగిరి బోర్డు తుడుస్తున్నారు. ముప్పై కుర్చీలు పట్టే గది. రాసి తెచ్చిన కాగితం ఇచ్చాను. ఏ డెమోలో, ఎవరు అడిగితే, ఏ మాట అన్నానో, ఎందుకన్నానో అన్నీ ఉన్నాయి. ఆయన నిలబడే చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

"నాకు అప్పుడే తెలుసు సార్. మీ క్లాసుల అన్నరని పిల్లలే చెప్పిండ్రు."

మరి ఎందుకు ఊరుకున్నారని రాసి చూపించాను.

"ఏమని చెప్పాలె? పేషెంటు నేను కాదు, మా అన్న అని చెప్పాల్నా? నా పేరు కాపాడనీకి ఆయన పేరు బజార్ల పెట్టాల్నా?"

ఆయన అన్న పేరు నర్సింహ. కృష్ణానగర్‌లో ఉంటూ సినిమా షూటింగులలో లైట్లు మోసేవాడట. కొన్నేళ్ల కింద మనసుకు జబ్బు చేసింది. నెలనెలా మందులు తెచ్చుకుంటూ మామూలుగానే బతుకుతున్నాడు. నా మాట ఆ చెవినా ఈ చెవినా పడి అతని దాకా వెళ్లింది. తన వల్ల తమ్ముడి పేరు పాడవుతోందని ఆసుపత్రికి వెళ్లనని మొండికేశాడు. రెండు నెలలు మందు లేదు. జబ్బు తిరగబెట్టింది, మళ్లీ ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. నేను బస్సులోంచి చూసింది ఒక మనిషిని, నా మాట తగిలింది ఇంకో మనిషికి. అతను ఉన్నాడని కూడా నాకు తెలియదు.

"నా మటుకు నేను ఎప్పుడో మాఫ్ చేసిన సార్. అన్న దాంట్ల నేను మాఫ్ చేస్తే చెల్లదు. ఆయన్నే అడగాలె" అన్నారు యాదగిరి. వెంటనే ఇంకో కాగితం తీయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆయనకు చదువు రాదు సార్. నేను చదివితే అది నా మాట అయితది. మీ గొంతు రానియ్యిండ్రి."

అప్పటిదాకా గొంతు రావాలని నా ఉద్యోగం కోసం అడిగేవాణ్ణి. ఆ రోజు నుంచి నమాజ్‌లో నా దుఆ మారింది. పాఠం చెప్పే గొంతు రాకపోయినా ఫరవాలేదు, ఒక్కసారి మాఫీ అడిగే గొంతు చాలు అని.

మందులు మొదలుపెట్టిన ఐదో నెల. డాక్టరమ్మ మళ్లీ గొట్టం వేసి చూశారు. పుండు మానింది, మచ్చ మిగిలింది. 'ఆ' అనమన్నారు. అన్నాను. తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టుంది, అయినా అది గొంతే.

"రోజుకు పది నిమిషాలు మాత్రమే మాట్లాడండి. ఎవరితో మాట్లాడాలో ముందే అనుకోండి" అన్నారు.

అందులో మొదటి రెండు నిమిషాలు తనవేనని జరీనా అక్కడే చెప్పేసింది. ఐదు నెలలుగా నేను జవాబు చెప్పని తగాదాలన్నీ ఆ రెండు నిమిషాల్లోనే తేల్చుకుంది. మిగిలిన ఎనిమిది నిమిషాలు పట్టుకుని, యాదగిరితో కలిసి కృష్ణానగర్ వెళ్లాను.

నర్సింహ యాభై దాటిన మనిషి, బలమైన భుజాలు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. తలవంచుకుని, ఆగి ఆగి మొత్తం చెప్పాను. మీ గురించి తెలియకుండా అన్నాను, తెలిసుంటే అనేవాణ్ణి కాదని చెప్పలేను, అప్పుడు నా బుద్ధి అలా ఉంది అన్నాను. మాఫ్ చేయండన్నాను. కళ్లలో నీళ్లు ఆగలేదు. అతను తమ్ముడి వైపు తిరిగాడు.

"గింత ఏడ్పు సీను నేను షూటింగుల సుత చూడలేదు రా" అన్నాడు. తర్వాత నాతో అన్నాడు. "ఆ రెండు నెలలు ఇంటోళ్లను మస్తు గోస పెట్టిన సార్. గది యాదికొస్తే నాకు ఇప్పటికీ మంచిగనిపియ్యది."

నేను ఏం చేయమంటారో చెప్పమన్నాను.

"మాఫ్ చేస్త. కాని నెలకోపారి నాతోని దవాఖాన్లకు రావాలె. తమ్మునికి క్లాసులుంటయి. ఆ లైన్ల ఒక్కన్నే కూసుంటే యాష్టకొస్తది."

అలా ఒప్పందం కుదిరింది.

ఇంకో పని మిగిలింది. ఏ చోట అన్నావో ఆ చోటే సరిదిద్దుకోవాలన్నారు హజ్రత్. నేను మళ్లీ క్లాసు చెప్పిన మొదటి రోజు, కాలర్‌కు మైకు పెట్టుకుని, అదే హాల్లో, డెమో మొదట్లోనే చెప్పాను. యాదగిరి సార్ గురించి ఈ హాల్లో నేనొక అబద్ధం చెప్పాను, మీ సీనియర్లు ఎవరైనా అది మీకు చెప్పి ఉంటే అది అబద్ధమని వాళ్లకు చెప్పండి, ఆయన నాకంటే బాగా చెబుతారు అని. నిజమైన పేషెంటు సంగతి మాత్రం చెప్పలేదు, అది నాది కాదు. వెనక నుంచి ఒకడు, అయితే మేం అక్కడ చేరాలా సార్ అని అడిగాడు. ఆయన డెమో కూడా విని చూడమన్నాను. ఇరవైమంది దాకా అటే వెళ్లిపోయారు. మా ఓనరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అప్పట్లో నా మాట విని నవ్వినవాళ్లలో చాలామంది బెంగళూరులోనో ఇంకెక్కడో ఉన్నారు, వాళ్ల చెవిలోంచి అది తీయలేను. ఆ బాధ ఉంది. అందుకే ప్రతి డెమోలోనూ ఆయన పేరు మంచిగా ఎత్తుతాను.

మొత్తం పది నెలలకు మందులు ఆపేశారు. ఇది జరిగి నాలుగేళ్లు. గొంతు కొంచెం గరుకుగానే మిగిలింది, మైకు లేకుండా హాలు చివరికి చేరదు. రోజుకు రెండు బ్యాచ్‌లే చెబుతాను. యాదగిరి మళ్లీ మెయిన్‌రోడ్డుకు వచ్చారు, ఈసారి మా హాలు ఉన్న మేడ మీదే. బరువు పెరిగానని జరీనా ఇప్పుడు చొక్కాలు వదులు చేయిస్తోంది. బతుకు బాగుంది.

నెలకోసారి నేనూ నర్సింహన్నా ఎర్రగడ్డ వెళ్తాం. ఏ హీరో లైట్లు ఆర్పాక ఎలా ఉంటాడో లైన్లో నాకు చెబుతాడు, నేను నవ్వాపుకోలేక బయటికి వెళ్తుంటాను. మొన్నామధ్య ఆ గేటు దగ్గరే నా పాత విద్యార్థి ఒకతను బైకు ఆపాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం, మెడలో ట్యాగు. బోర్డు వైపు చూసి, గొంతు తగ్గించి, ఏంటి సార్ ఇక్కడికి వచ్చారు అన్నాడు. ఎర్రగడ్డకే వచ్చాను, నెలనెలా వస్తాను అన్నాను, నాకున్న గొంతంతా పెట్టి. అతని చూపులో ఏముందో నాకు తెలుసు. అది ఎన్ని నోళ్లు తిరిగి అమీర్‌పేట చేరుతుందో కూడా తెలుసు. చేరనివ్వండి.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోతే, శొంఠితో కాలం గడపకుండా వెళ్లి లోపల చూపించుకోండి. టీబీ అని తేలితే మందులు పూర్తయ్యేదాకా డాక్టరు చెప్పకుండా ఒక్క రోజు ఆపకండి. ఎవరినైనా మాఫీ అడగాల్సింది ఉంటే, అందరితో పాటు వాళ్లకూ ఒక ఎస్సెమ్మెస్ పంపి ఊరుకోకండి. గొంతు ఉండగానే వెళ్లి, చేసిన తప్పు పేరు పెట్టి అడగండి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ప్రతి నెలా నర్సింహన్నను అడుగుతాను, మాఫీ అయిపోయినట్టేనా అని. మొన్న కూడా అడిగాను. అతను కిటికీలోంచి చూస్తూ, లోపల్లోపల నవ్వుకుంటూ, ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాడు.

"ఇంక జర మిగిలింది సార్. వచ్చే నెల చూద్దాం."